పిన్ను తల చదివేవాడు

మన పెద్ద లారీల్లో చాలావాటికి ఇంకా డ్రమ్ము బ్రేకులే. డిస్కు బ్రేకుల్లో ఉండే కాలిపర్ పిన్నుల తంటా ఎక్కువగా పికప్ బళ్ళ ముందు చక్రాల దగ్గర. విజయవాడ ఆటోనగర్‌లో పనితెలిసిన మేస్త్రీ చక్రం ఊడదీయగానే పానా అందుకోడు. ముందు పిన్ను తల గుంటలోని మట్టి, తుప్పు గీకి, అది ఆరు పలకలదా, నక్షత్రం ఆకారానిదా అని టార్చి వేసి చూస్తాడు. నాకు ముచ్చటేసేది ఆ నిదానమే. పక్కనున్న డ్రైవరుకు మాత్రం చిరాకు!

కొలత తేడా చిన్నదే. ఉదాహరణకు కొన్ని పాత అమెరికన్ పికప్‌ల పిన్నులకు 3/8 అంగుళాల అలెన్ కీ కావాలి, అంటే 9.5 మిల్లీమీటర్ల పైచిలుకు. 10 దూరదు, 9 వదులై గిర్రున తిరిగి అంచులు కొరికేస్తుంది. అంచులు పోయాయా, ఇక చాలాసార్లు వెల్డింగే గతి. అందుకే సరైన కీ దొరక్కపోతే మేస్త్రీ పక్క షెడ్డుకు కుర్రాణ్ణి పంపుతాడు గానీ ఉన్నదాంతో సరిపెట్టడు. బిగుసుకున్న పిన్నుకు తుప్పు వదిలించే నూనె కొట్టి, టీకి వెళ్తాడు.

ఊడిన పిన్నుకు మళ్ళీ మామూలు గ్రీజు పూయడు. అది రబ్బరు తొడుగును ఉబ్బిస్తుంది. సిలికాన్ గ్రీజే రాసి, పిన్ను చేత్తో నెడితే జారుతోందో లేదో చూస్తాడు. జారకపోతే ఒకవైపు ప్యాడే ముందు అరిగిపోతుంది.