బొబ్బిలి కథ చెప్పిన నాన్న

ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు. ఇంతే సరంజామాతో కోటనూ సైన్యాన్నీ చావునూ ఊరి నడిబొడ్డున నిలబెట్టగల కళ తెలుగునాట బుర్రకథ ఒక్కటే. మా నాన్న బుర్రకథకుడు. నాకు ఊహ సరిగా తెలియకముందే, నలభై నిండకుండానే పోయాడు. ఆయన ఎలాంటివాడో నాకు తెలిసిందంతా ఆయన చెప్పిన కథల వల్లే, ఆ కథలు విన్నవాళ్ల వల్లే.

బుర్రకథ జంగం కథల నుంచి పుట్టిందని పెద్దలంటారు. దాని పాత చరిత్ర పండితులు తేలుస్తారు. 1940లలో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి చేతిలో పడ్డాక మాత్రం బుర్రకథ పులిలా లేచింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు. మోటూరి ఉదయం లాంటి ఆడవాళ్లు దళం కట్టి వేదికలెక్కారు. ఇక షేక్ నాజర్! గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల ఇంట పుట్టిన ఆ మహానుభావుడు తంబుర భుజానికెత్తుకుంటే పల్నాడు పల్నాడే, బొబ్బిలి బొబ్బిలే. 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఈనాటికీ చూడండి. కథకుడంటే ఏమిటో తెలుస్తుంది. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. బుర్రకథలో ఎన్ని బాణీలున్నా నా ఓటు నాజర్ బాణీకే. మా నాన్నదీ ఆ బాణీయే.

ఈ కళలో పనితనం ఎక్కడుందో చెప్పాలి. నడుమ కథకుడు. తలపాగా, నిలువుటంగీ, నడికట్టు, కాళ్లకు గజ్జెలు. భుజాన తంబుర, చేతివేళ్లకు అందెలు. ఇరువైపులా గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. కథకుడు పాడిన పాదాన్ని వంతలు ‘తందాన తాన’ అంటూ అందుకుంటారు. ఆ అందుకోవడంలోనే ఉంది కీలకమంతా. కథకుడు ఊపిరి పీల్చుకునేది ఆ కాస్త వ్యవధిలోనే. వంత ఒక్క మాత్ర ఆలస్యమైతే కథ కుంటుతుంది, తొందరపడితే కథకుడి గొంతు ఎండిపోతుంది. పాట, వచనం, మళ్లీ పాట. రాజు మాట, రాణి మాట, శత్రువు మాట అన్నీ ఒక్క గొంతులోనే. ముందుకు రెండడుగులు వేస్తే యుద్ధం, వెనక్కి తగ్గితే అంతఃపురం. తెర లేదు, రంగాలంకరణ లేదు. అడుగులోనే అన్నీ చూపించాలి.

హాస్యగాడంటే నవ్వించి పోయేవాడనుకుంటారు చాలామంది. కాదు. దుఃఖఘట్టానికి ముందు జనాన్ని నవ్వించి, గుండెలు తేలిక చేసి కథకుడి చేతికి అప్పగించేది ఆయనే. ఎక్కడ నవ్వించాలో తెలిసిన హాస్యగాళ్లు ఉన్నారు. ఎక్కడ నోరు మూసుకోవాలో తెలిసినవాడే గొప్పవాడు.

బొబ్బిలి కథే తీసుకోండి. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు బలగం ఒకవైపు, బొబ్బిలి కోట ఒకవైపు. ఇక కోట నిలవదని తేలాక స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని కోటలోనివారే వాళ్లను చంపుకున్నారు. రాజా రంగారావు పోరాడుతూ తుపాకి గుండుకు కూలిపోయాడు. ఆ మారణకాండ ముగిశాక ఒక ముసలాయన ఒక పసివాణ్ణి ఫ్రెంచి అధికారి దగ్గరికి తీసుకొచ్చి, ఇతను రంగారావు కొడుకని, తండ్రి ఆజ్ఞ మీరి కాపాడానని చెప్పినట్టు ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. విజయరామరాజు మీద బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి ప్రతీకారానికి జనం ఈలలు వేస్తారు. కానీ కథకుడి సత్తా తేలేది తండ్రీకొడుకుల ఘట్టంలోనే.

మా నాన్నకు వంత పాడినాయన వయసు మళ్లాక ఆ ఘట్టం గురించి నాతో అన్నాడు: “మీ నాన్న అక్కడ ఏడుపు గొంతు పెట్టేవాడు కాదురా అబ్బాయ్. తంబుర ఆపేసేవాడు. గుమ్మెట మీద వేలు మాత్రం ఆడించమనేవాడు. పాదం సగంలో వదిలేసి నావైపు చూసేవాడు. మిగతా సగం నేను అందుకోవాలి. ఆ చూపుకి నాకు గొంతు పెగిలేది కాదు.” ఇంట్లో పసిపిల్లాణ్ణి పెట్టుకుని రాత్రి తర్వాత రాత్రి ఆ కథ చెప్పిన మనిషి ఆయన. ఆ గొంతు ఒక్క క్యాసెట్టులోనూ లేదు. ఎవరూ రికార్డు చేయలేదు.

ఇప్పుడు బుర్రకథ పేరుతో జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. ముగ్గురు మెరుపుల అంగీలు తొడుక్కుంటారు. పాట ముందే రికార్డు చేసి ఉంటుంది. పెదవులు కదుపుతారు. తంబురకు తీగలుండవు, గుమ్మెట పని రిథమ్ ప్యాడ్ చేస్తుంది. సినిమా పాట వరసలో ఒక పథకం పేరు ఇరికిస్తే బుర్రకథ అయిపోయింది! పావుగంటలో ముగించాలట. కథే లేని బుర్రకథను ఏ నాజర్ ఒప్పుకుంటాడు? ప్రచారానికి ఈ కళ పనికిరాదని కాదు, ప్రజానాట్యమండలి చేసింది ప్రచారమే. కానీ వాళ్లు కథ చెప్పారు, రక్తం ధారపోశారు. నిజమైన దళాన్ని పిలిచి, మధ్యలో ఆపించి, మైకు మరొకరికి ఇచ్చే సభలు నేను చూశాను. కళాకారుణ్ణి అంతకంటే అవమానించడం ఉండదు.

తాడేపల్లిగూడేనికి చెందిన బుర్రకథకుడు మిరియాల అప్పారావు గారికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికి ఆయన కన్నుమూసి పది రోజులో ఎన్నో. మన గౌరవాలు ఎప్పుడూ ఇలాగే ఆలస్యంగా బయల్దేరతాయి.

అందుకే ఒక విన్నపం. మీ ఊళ్లో, పక్క ఊళ్లో బుర్రకథ చెప్పిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. జాతరకో, ఉత్సవానికో ఆర్కెస్ట్రా బదులు వాళ్లను పిలవండి. పూర్తి కథ చెప్పనివ్వండి, రాత్రంతా కూర్చోండి, అడిగినంత ఇవ్వండి. మీ జేబులోని ఫోనుతో మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి. ఆ కథకుడికీ పిల్లలుంటారు. వాళ్ల నాన్న గొంతు వాళ్లకు దక్కాలి.