కలుషితధర్మము – ఛాయావిన్యాసము: 'టచ్ ఆఫ్ ఈవిల్' చిత్ర పరిశీలనము

నేరకథాచిత్రములలో చీకటి సామాన్యముగా భయము గొల్పుటకు సాధనము. కొలది చిత్రములలో మాత్రమే అది ధర్మవిచారమునకు సాధనమైనది. 1958లో అమెరికాలో విడుదలయైన 'టచ్ ఆఫ్ ఈవిల్' అట్టి చిత్రము. దీని దర్శకుడు ఆర్సన్ వెల్స్, ప్రధానపాత్రధారియు నతడే. ఛాయాగ్రాహకుడు రసెల్ మెట్టీ. దోషిని సరిగా ఊహించిన పోలీసు అధికారియైనను దొంగసాక్ష్యము కల్పించినచో తానును దోషియే యగునన్నది ఈ చిత్రమునకు ప్రాణభూతమైన భావము. ఆ భావమును సంభాషణములకంటె దృశ్యములే గట్టిగా చెప్పుచున్నవి.

కథాస్థలము మెక్సికో, అమెరికా దేశముల సరిహద్దునందలి యొక పట్టణము. ఒక ధనికుని కారులో ఎవరో బాంబు నుంచుదురు. మూడు నిమిషములకు మించిన ఈ మొదటి దృశ్యములో కత్తిరింపు ఒక్కటియు లేదు. బాంబున్న కారును, నూతన దంపతులైన వర్గాస్, సూజన్‌లును ఒకే వీథిలో ఒకరినొకరు దాటుకొనుచు సరిహద్దును చేరుదురు. కారు అమెరికా గడ్డపై పేలిపోవును. నేరము ఒకచోటను, నిర్దోషిత్వము వేరొకచోటను ఉండునన్న భ్రాంతిని ఈ అఖండదృశ్యము మొదటనే తొలగించుచున్నది.

నేరపరిశోధనకు వచ్చిన క్విన్లాన్ కేవల దుర్మార్గుడు కాడు. అతని భార్యను హంతకుడొకడు గొంతు నులిమి చంపెను. వాడు శిక్ష తప్పించుకొనెను. సహోద్యోగియైన మెన్జీస్‌కు తగులవలసిన గుండు తనకు తగిలి క్విన్లాన్ కుంటివాడయ్యెను. ఆ కాలి సలుపే తనకు దోషిని చూపునని అతని విశ్వాసము. కెమెరా నేలమట్టమునుండి పైకి చూచుటచే అతని స్థూలకాయము తెరనంతయు ఆక్రమించును. ఇంటికప్పు అతని తలపై ఒరిగినట్లు తోచును. అధికారము పెరిగినకొలది మనిషికి ఊపిరాడని స్థితి యేర్పడుట ఇందు కంటికి కనిపించును.

చెప్పుల దుకాణములో పనిచేయు సాంచెజ్ అను మెక్సికన్ యువకునిపై అనుమానము పడును. అతని గదిలో వర్గాస్ చేయి తగిలి ఒక అట్టపెట్టె పడును. అది ఖాళీ పెట్టె. అతడు బయటికి పోయి తిరిగివచ్చుసరికి అందులోనే రెండు డైనమైట్ కడ్డీలు దొరికెనందురు. దీర్ఘదృశ్యములో ఖాళీపెట్టెను చూచిన ప్రేక్షకుడు ఇక కేవల ప్రేక్షకుడు కాడు, సాక్షి యగును. చిత్రణవిధానమే ఇచట న్యాయవాదియై నిలిచినది.

ఈ ఘట్టముననే గమనింపదగిన విషయము మరొకటి కలదు. సాంచెజ్ తన భాషయగు స్పానిష్‌లో వర్గాస్‌తో మొరపెట్టుకొనగా క్విన్లాన్ అడ్డుపడి ఇంగ్లీషులోనే మాటాడుమనును. తనకు రాని భాషలో చెప్పిన నిజము అతనికి నిజము కాదు. తరతరములుగా అన్యభాషల నడుమ సరిహద్దుసీమలలో నివసించు తెలుగువారికి ఈ చిన్న సన్నివేశపు బరువు వేరుగా చెప్పనక్కరలేదు. దొంగసాక్ష్యము పెట్టెలో చేరకముందే నిందితుని నోరు మూయబడినది.

తరువాత క్విన్లాన్ గ్రాండీ అను ముఠానాయకునితో చేతులు కలుపును. పిదప అతనినే హోటలు గదిలో గొంతు నులిమి చంపును. బయటి దీపము వెలుగుచు ఆరుచుండగా ఆ హత్య క్షణము కనిపించును, క్షణము మరుగగును. తన భార్య ప్రాణము తీసిన పద్ధతియే ఇపుడతని చేతికి వచ్చినది. చేతికఱ్ఱను అచట మరచిపోవుటతో, సాక్ష్యములు కల్పించినవాడు తానే సాక్ష్యము విడిచిపోవుచున్నాడు.

సజ్జనుడగు వర్గాస్‌కును ఈ మలినము అంటక మానదు. మెన్జీస్ దేహమున శబ్దగ్రాహకము దాచి, తాను చీకటిలో, మురికినీటిలో పొంచి మిత్రుల మాటలను దొంగతనముగా రికార్డు చేయవలసివచ్చినది. ఆ దృశ్యములలో వేటాడువాడును, వేటకు గురియైనవాడును ఒకే నీడలో తిరుగుదురు. చివరకు మెన్జీస్, క్విన్లాన్‌లు ఒకరి చేత ఒకరు మరణింతురు. అప్పుడు సాంచెజ్ నేరము నొప్పుకొనెనను వార్త వచ్చును. క్విన్లాన్ ఊహ నిజమే. కాని ఆ వార్త చెత్త తేలు కాలువలో అతని శవము పడియుండగా వినబడుటచే అది అతనికి కీర్తి కాక అతని పతనమునకు కొలబద్ద యైనది.

చిత్రములో లోపములు లేకపోలేదు. చార్ల్‌టన్ హెస్టన్ ముఖమునకు రంగు పూసి మెక్సికన్‌గా చూపుట నేడు ఎబ్బెట్టుగా నుండును. సూజన్ పాత్ర పురుషుల పోరులో కేవలము బాధితురాలిగా మిగిలినది. కూర్పు విషయమున నిర్మాణసంస్థ వెల్స్ అభిమతమును మన్నింపలేదు. అతడు వ్రాసిన 58 పుటల విన్నపము ననుసరించి 1998లో చిత్రము పునఃసంకలితమైనది.

అయినను ఈ చిత్రము నేర్పు పాఠము చెక్కుచెదరలేదు. ఫలితము సరియైనదని సాధనమును క్షమించు సమాజములో రేపు నిర్దోషి గదిలోని ఖాళీపెట్టెకును భద్రత యుండదు.