పెట్టె మూత తీయకముందు

అమెరికాలోని డెన్వర్ నగరంలో 2014 ఏప్రిల్ నుంచి 2017 మార్చి దాకా అంబులెన్సులు షిఫ్టు మొదట్లో సీలు వేసిన ఐస్ బాక్సు ఒకటి ఎక్కించుకుని బయల్దేరేవి. కొన్ని పెట్టెల్లో గడ్డకట్టించిన ప్లాస్మా సంచులు రెండుండేవి. కొన్నింట్లో గడ్డకట్టించిన మామూలు నీళ్లు. ఏ బండిలో ఏది ఉందో మూత తీస్తే తప్ప తెలిసేది కాదు. విపరీతంగా రక్తం పోతున్న మనిషికి ఆస్పత్రికి చేరేలోపే ప్లాస్మా ఎక్కిస్తే ప్రాణం నిలుస్తుందా అన్నది ప్రశ్న. డెన్వర్ హెల్త్ ఆస్పత్రిలో ఎర్నెస్ట్ మూర్ బృందం నడిపిన ఈ ట్రయల్ పేరు కంబాట్. దాని ఫలితం గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం అందులో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది రోగిని ఎంచిన పద్ధతి.

గాయాల తీవ్రతకు డాక్టర్లు వేసే స్కోర్లు ఉన్నాయి. కానీ స్కానింగులు, ఆపరేషన్లు అయ్యి లోపలి గాయాలన్నీ బయటపడ్డాకే వాటి లెక్క సరిగ్గా తేలుతుంది. రోడ్డు పక్కన పారామెడిక్‌కు అంత వ్యవధి ఎక్కడిది? అతని దగ్గరున్నవి కళ్లు, వేళ్లు, బీపీ పట్టీ, మానిటరు. అందుకని నియమాన్ని రెండు అంకెలకు తెచ్చారు. బీపీలో పై అంకె 70 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు. 71 నుంచి 90 మధ్య ఉంటే మాత్రం గుండె నిమిషానికి 108 సార్లో అంతకు మించో కొట్టుకుంటూ ఉండాలి. అంతే.

ఈ రెండు అంకెల జోడింపులో ఎంత ఆలోచన ఉందో చూడండి. రక్తం పోవడం మొదలవగానే శరీరం ఊరుకోదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది. బలమైన యువకుడైతే ఒంట్లో రక్తం నాలుగో వంతుకు పైగా పోయినా బీపీ నిలబెట్టుకోగలడు. ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతాడు. అంటే బీపీ పడిపోయిందంటే శరీరం చేసే ఎదురుపోరాటం ఓడిపోతోందన్నమాట. మరి నాడి ఒక్కటే చూస్తే? నొప్పికీ భయానికీ కూడా అది పరుగెడుతుంది. బీపీ 85 ఒక్కటే చూస్తే? కొందరికి సహజంగానే తక్కువ ఉండవచ్చు. రెండూ కలిస్తే అనుమానం బలపడుతుంది. బీపీ మరీ 70కి దిగాక రెండో సాక్ష్యం కోసం ఆగడం ప్రమాదం. పైగా చావుకు దగ్గరపడ్డ మనిషికి గుండె వేగం ఒక్కోసారి తగ్గిపోతుంది కూడా. అప్పుడు నాడిని షరతుగా పెడితే అందరికన్నా ఆపదలో ఉన్నవాడే బయట మిగిలిపోతాడు. అందుకే అక్కడ షరతు ఎత్తేయడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

ఇంకో సంగతి. ఊగే బండిలో, సైరన్ మోతలో స్టెతస్కోపు వినపడదు. మణికట్టు దగ్గర నాడి మీద వేలుంచి పట్టీలో గాలి వదులుతూ పోతే నాడి మళ్లీ తగిలిన చోట పై అంకె దొరుకుతుంది, కింది అంకె దొరకదు. ఈ నియమానికి కావలసింది ఆ పై అంకే.

ఎవరిని వదిలేయాలన్నదీ అంత శ్రద్ధగానే రాశారు. 18 ఏళ్లలోపు వాళ్లు, గర్భిణులు, ఖైదీలు, అప్పటికే గుండె ఆగి సీపీఆర్ అందుకుంటున్నవాళ్లు వద్దన్నారు. తలలో మాత్రమే తూటా దిగినవాళ్లనూ చేర్చలేదు. వాళ్ల ప్రాణం తీసేది మెదడు గాయం, అక్కడ ప్లాస్మా చేయగలిగింది తక్కువ. ఇక సమ్మతి? స్పృహలో లేని మనిషిని అడగలేం. ప్రాణాపాయ సమయంలో ముందస్తు సమ్మతి లేకుండా పరిశోధన చేసుకోవచ్చని అమెరికా ప్రభుత్వం 1996లో నియమం తెచ్చింది. అయితే ముందుగా ఆ ఊరి జనంతో చర్చించాలి, బహిరంగంగా ప్రకటించాలి. వద్దనుకున్నవాళ్లు చేతికి ఒక పట్టీ వేసుకోవచ్చు. కాబట్టి బీపీ పట్టీ చుట్టే చేయి ఆ పట్టీ కోసం కూడా వెతకాలి.

ఇవన్నీ తేలాకే మూత తీయాలి. ఆ వరసలోనే పనితనమంతా ఉంది. లోపల ప్లాస్మా ఉందని ముందే తెలిస్తే ఎంత నిజాయితీపరుడి చేయైనా ఒకవైపు మొగ్గవచ్చు. అంచున ఉన్న రోగిని చేర్చుకోవాలనిపిస్తుంది, లేదా వద్దనిపిస్తుంది. ఇక్కడ నిర్ణయం జరిగిపోయాకే పెట్టె తన సంగతి చెబుతుంది. ప్లాస్మా ఉంటే బండిలోనే కరిగించి ఎక్కించేవారు, నీళ్లుంటే సెలైన్ పెట్టేవారు.

దాదాపు అదే కాలంలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి జేసన్ స్పెర్రీ బృందం హెలికాప్టర్లలో ఇదే ప్రశ్న అడిగింది. ఆ ట్రయల్ పేరు పాంపర్. అక్కడ ప్లాస్మాను ముందే కరిగించి ఉంచేవారు. అది ఐదు రోజులకు మించి నిలవ ఉండదు. అందుకని ఏ స్థావరంలో ఏ నెల ప్లాస్మా, ఏ నెల మామూలు వైద్యం అన్నది నెలల లెక్కన కేటాయించారు. అంటే ఈ నెల తమ వంతు ఏమిటో సిబ్బందికి ముందే తెలుసు. పనితనం పరంగా డెన్వర్ పెట్టెకే నా ఓటు. అయితే ఎంపికకు ఇంచుమించు అవే అంకెలు వాడారు కనుక సొంత మొగ్గుకు చోటు బాగా తగ్గింది.

రెండు ఫలితాలూ 2018 జులైలో వచ్చాయి, రెండూ వేరు. పాంపర్‌లో 501 మంది. 30 రోజుల్లో మరణాలు ప్లాస్మా అందుకున్నవారిలో 23.2 శాతం, మిగతావారిలో 33 శాతం. కంబాట్‌లో 144 మందిని చేర్చారు, విశ్లేషణకు అర్హులుగా తేలింది 125 మంది. అక్కడ ప్లాస్మాతో మేలు కనిపించలేదు. ఆస్పత్రి దగ్గర్లోనే ఉండడం ఒక కారణం కావచ్చనుకున్నారు. కొలబద్దలు దగ్గరగా ఉన్నందువల్ల 626 మంది వివరాలనూ ఒకచోట చేర్చి చూడగలిగారు. ప్రయాణం 20 నిమిషాలు దాటినప్పుడు ప్లాస్మా లేనివారిలో మరణాలు పెరిగాయి, ప్లాస్మా అందినవారిలో అలా పెరగలేదు. ఇది ట్రయళ్లు ముగిశాక వేసిన లెక్క, అంతవరకే దాన్ని నమ్మాలి. కానీ రెండు చోట్లా రోగిని వేర్వేరు కొలతలతో ఎంచి ఉంటే ఈ లెక్క వేయడమే కష్టమయ్యేది.