రసం అడుగున, సోడా అంచున

తెనాలి స్టేషన్ బయట ఎండాకాలం మధ్యాహ్నం సోడా బండి ముందు నిలబడితే వినబడే ప్రశ్న ఒకటే. "ఉప్పా, తీపా?" మనం నోరు తెరిచేలోపే నిమ్మకాయ రెండు చెక్కలవుతుంది. గ్లాసులోకి రసం పిండి, ఉప్పు వేసి, చెంచాతో గిరగిరా తిప్పి కరిగించాకే బండాయన చెయ్యి సీసా మీదికి పోతుంది. మంచుగడ్డ పక్కన తడి గోనెపట్టా కింద పడుకోబెట్టిన ఆకుపచ్చ సీసా. మూతిమీద చెక్క బిరడా ఆనించి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే కీచుమని గాలి, ఠక్కుమని గోలీ. అంతలోనే గ్లాసు అంచు వెంట సోడా జారుతుంది.

ఆ వరస ఒకసారి గమనించండి. రసం, ఉప్పు, కరిగించడం, చిట్టచివర సోడా. చాలాకాలం నేను ఇదంతా ఉత్త చేతి అలవాటనుకున్నాను. అలవాటే, కానీ ప్రతి అడుగుకీ కారణమున్న అలవాటు. పండు రసానికీ గ్యాసుకీ పెళ్లి చేసే ఏ పానీయమైనా, తెనాలి బండి మీద నిమ్మ సోడా అయినా, ఇటలీలో నురుగు వైనుతో చేసేదైనా, ఈ వరసలోనే కుదురుతుంది. వరస తప్పితే మిగిలేది చప్పటి తీపి నీళ్లే.

ముందు సీసా సంగతి. కళ్లద్దాలు మందంగా ఉన్నవాళ్లని 'సోడాబుడ్డి' అని పిలిచేంతగా మన భాషలోకి వచ్చేసిన ఈ సీసా పుట్టింది లండన్‌లో. హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1872లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి సోడా సీసాలకు బెండు బిరడాలే గతి. అవి ఎండితే సందులు పడి గ్యాసు పోయేది. కాడ్ ఆలోచన ఎంత తేలికైనదో అంత తెలివైనది. బిరడాని బయట పెట్టకుండా లోపలే పెట్టాడు. సీసాలో నీళ్లు పోసి, మిషను చట్రంలో బిగించి, గ్యాసు వదులుతూ చక్రం తిప్పుతారు. సీసా తలకిందులైనప్పుడు గోలీ మెడలోకి జారుతుంది. లోపలి వత్తిడి దాన్ని మూతిలోని రబ్బరు రింగుకి నొక్కిపెడుతుంది. గ్యాసు ఎంత బలంగా ఉంటే మూత అంత గట్టిగా బిగుస్తుంది. మనవాళ్లు సోడాలు 'చేస్తారు' అనరు, 'కొడతారు' అంటారు. చక్రం తిప్పుతున్నప్పుడు ఆ చట్రంలోంచి వచ్చే దడదడ శబ్దం విన్నవాళ్లకి ఆ మాట ఎందుకో చెప్పక్కర్లేదు.

సీసా మెడ దగ్గర ఒకవైపు రెండు నొక్కులుంటాయి. వంచేటప్పుడు ఆ నొక్కులు కిందివైపుకి రావాలి. అప్పుడు గోలీ వాటిమీద ఆగిపోయి దారి వదులుతుంది. అటుది ఇటు పట్టుకుంటే జారివచ్చి మూతికి అడ్డం పడుతుంది. చిన్నప్పుడు మా బాబాయి నా వేలు పట్టి ఆ రెండు గుంటలూ తడిమించి, "కళ్లు మూసుకుని కూడా తెలియాలి రా" అన్నాడు. ఇప్పటికీ సీసా చేతికొస్తే బొటనవేలు ముందు అక్కడికే పోతుంది. ఇదే సీసా జపాన్‌లో రామునే అయింది, ఢిల్లీలో బంటా అయింది. లండన్‌లో మాత్రం పాత వస్తువుల దుకాణంలో దొరుకుతుంది.

ఇక పండు గుజ్జు దగ్గరికొద్దాం. ప్రపంచంలో ఈ కోవకు చెందిన పానీయాల్లో బాగా పేరుపడ్డది బెల్లీనీ. వెనిస్ నగరంలో 1931లో హ్యారీస్ బార్ తెరిచిన జుసెప్పె చిప్రియాని చేతి పని అది. తెల్ల పీచ్ పండు గుజ్జు, దానిమీద ప్రొసెక్కో అనే నురుగు వైను. రెండంటే రెండే. ఆ గులాబీ ఛాయ చూసి ఆయనకు వెనిస్ చిత్రకారుడు జొవాన్నీ బెల్లీనీ బొమ్మల్లోని రంగు గుర్తొచ్చిందట, ఆ పేరే పెట్టాడు. కొలత ఇప్పటికీ అదే: 50 మిల్లీలీటర్ల గుజ్జుకి 100 మిల్లీలీటర్ల వైను. మొదట్లో అది పండ్ల కాలంలోనే దొరికే పానీయం. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు గానీ, ఊరి మధ్యనుంచి మూడు కాలవలు పోతున్న ఈ ఊళ్లో నిలబడితే నాకు ప్యారిస్ కంటే వెనిసే దగ్గరనిపిస్తుంది. ఆ కాలవల ఊరి పానీయానికి ఈ కాలవల ఊళ్లో దీటైనది ఉందా అంటే ఉంది. అది బండిమీద కాదు, ఇళ్లలో. వేసవిలో మావిడిపండ్ల బుట్ట దిగిన రోజున, కొట్టునుంచి నాలుగు సోడాలు తెప్పించి రసంలో పోసుకు తాగడం.

నేను మొదటిసారి దాన్ని సొంతంగా చేసినప్పుడు మొత్తం పాడుచేశాను. బంగినపల్లి ముక్కలు మిక్సీలో వేసి, నున్నగా తిప్పి, గ్లాసులో సగానికి పోసి, దానిమీద సోడా గుమ్మరించాను. గ్లాసు పొంగి బల్లంతా పారింది. అడుగున మిగిలినదాన్ని తాగితే అందులో బుస లేదు, చిక్కటి తీపి మాత్రం ఉంది. మంచి పండు, మంచి సోడా, రెండూ వృథా.

ఏం జరిగిందంటే, సోడాలోని గ్యాసు నీళ్లలో ఇష్టంలేకుండా దాక్కుని ఉంటుంది. బయటపడటానికి దానికి ఒక చిన్న ఆధారం చాలు: గరుకు అంచు, కరగని ఉప్పు పలుకు, పీచు పోగు, గుజ్జులో చిక్కుకున్న గాలి చుక్క. దేన్ని పట్టుకున్నా అక్కడ బుడగ పుడుతుంది. ఒకేసారి వేల బుడగలు పుడితే అదే పొంగు. మిక్సీ చేసేది సరిగ్గా అదే. గుజ్జులోకి గాలిని కొట్టి లక్ష ఆధారాలు సిద్ధం చేసి పెడుతుంది. బండాయన ఉప్పుని ముందే రసంలో కరిగించేది కూడా ఇందుకే. సోడా పోశాక పైన ఉప్పు వేసి చూడండి, ఎలా ఎగదన్నుకొస్తుందో.

రెండో కారణం వేడి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో మామూలు గాలి వత్తిడికి ఇంచుమించు 1.7 లీటర్ల గ్యాసు ఇముడుతుంది. 30 డిగ్రీలకొచ్చేసరికి 0.7 లీటరు కూడా ఇమడదు. మన మే నెలలో వంటింటి వేడి 30 దగ్గర ఆగుతుందా? కాబట్టి సోడా ఒక్కటే చల్లగా ఉంటే చాలదు. గుజ్జూ చల్లబడాలి, గ్లాసూ చల్లబడాలి. చల్లటి సోడాని వెచ్చటి గుజ్జుమీద పోయడమంటే గ్యాసుని తలుపు తీసి బయటికి పంపడమే.

మావిడి రసంతో ఎలా చెయ్యాలో మా అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. ఆవిడది రేపల్లె. ఆవిడ బంగినపల్లిని ఒప్పుకోదు. "అది కోసుకు తినే పండు, పిండుకునే పండు కాదు" అంటుంది. నేనూ అదే మాట మీదున్నాను. బంగినపల్లి గుజ్జు బరువుగా అడుగున కూర్చుంటుంది, పులుపు తగలదు. నూజివీడు వైపునుంచి వచ్చే చిన్న రసాలైతే రసం పల్చగా, తీపి వెనకే చిరు పులుపుతో ఉంటుంది. పీచుంటుంది, నిజమే. దాని పని వడకట్టడంతో తీరుతుంది.

పండ్లు గంటసేపు నీళ్లలో వెయ్యాలి. వేడి దిగుతుంది, తొక్కకంటిన సొన పోతుంది. తర్వాత ఒక్కో పండునీ రెండు అరచేతుల మధ్య తిప్పుతూ వేళ్లతో మెల్లగా నలపాలి. తొక్క చిట్లకూడదు. లోపల టెంక చుట్టూ రసం కదులుతున్నట్టు వేళ్లకి తెలుస్తుంది. అప్పుడు ముచ్చిక తీసి, మొదటి రెండు చుక్కలు పారబోసి, మిగతాది గిన్నెలోకి పిండాలి. ఆ రసాన్ని ఉతికిన పల్చటి నూలుగుడ్డలో పోసి మూట కట్టి వేలాడదీస్తుంది అత్తయ్య. తొందరపడి మూటని పిసికితే చేతిమీద కొడుతుంది. పిసికితే పీచు నలిగి గుడ్డలోంచి దిగుతుంది, దానంతటది దిగితే తేనెలా నున్నటి రసం దిగుతుంది. అందులో నాలుగు చుక్కల నిమ్మరసం, వేళ్లకి అంటీ అంటనంత ఉప్పు. పంచదార వెయ్యదు. గిన్నెమీద మూత పెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో.

కలపడం అర నిమిషం పని. పొడుగాటి గ్లాసులో మూడో వంతు రసం. ముందు ఒక గుక్కెడు సోడా మాత్రం పోసి, చెంచాతో కలిపి రసాన్ని పల్చన చెయ్యాలి. పొంగేదంతా అప్పుడే కాస్త పొంగి అణుగుతుంది. తర్వాత గ్లాసుని వంచి, మిగతా సోడాని అంచు వెంట జార్చాలి. ఆఖరున చెంచాని అడుగుదాకా దించి ఒక్కసారి పైకెత్తాలి. తిప్పకూడదు. అడుగునున్న పసుపు పైకి లేచి సోడాలో మేఘంలా విచ్చుకుంటుంది. పైన వేలెడు మందాన సన్నటి నురుగు, దానిలోంచి మావిడి వాసన. బుడగ పగిలినప్పుడల్లా వాసనని ముక్కుదాకా ఎగజిమ్ముతుంది. ఉత్త రసంలో లేని పరిమళం సోడా కలిస్తే వచ్చేది అందుకే.

నిమ్మకైతే ఇంత తతంగం లేదు. తెనాలి నిమ్మకాయల మార్కెట్టే ఉన్న ఊరు, కాయకి కొదవ లేదు. ముంజల పద్ధతి వేరు. రేపల్లె చుట్టుపక్కల చేలగట్ల మీద తాళ్లు ఎండాకాలం మొదలవగానే గెలలు దించుతాయి. లేత ముంజ పైపొర వలిచెయ్యాలి, వగరంతా అందులోనే. లోపలి నీళ్లు పోకుండా గిన్నెలోనే చేత్తో చిదమాలి. ఇది గుజ్జు కాదు, మెత్తటి ముక్కలు. సోడాలో కరగవు, బుడగలు వాటి అంచుల్ని పట్టుకుని వేలాడతాయి. చెంచాతో తింటూ తాగే పానీయం ఇది. నిమ్మ తప్పనిసరి, లేకపోతే ముంజకి రుచి చాలదు.

డెల్టాకి తనదంటూ ఒక బుసకొట్టే పానీయం ఉంది, దాన్ని మరిస్తే అన్యాయం. తాటికల్లు. గీత కార్మికుడు లొట్టి దించేసరికే దానిమీద నురుగు కట్టి ఉంటుంది. ఎవరూ గ్యాసు ఎక్కించలేదు. గాలిలోని, లొట్టిలోని ఈస్టు తీపిని తింటూ తానే గ్యాసుని పుట్టిస్తుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే ఆ పులియడం ఆగి నీరా అవుతుంది. కల్లులో పండు గుజ్జు కలపమని మాత్రం నేను చెప్పను. దాని రుచి దానికి నిండుగా ఉంది.

అమెరికాలో ఉన్న మా వాళ్లు కొందరు చిత్తూరు నుంచి వచ్చే డబ్బా గుజ్జుతో, నిజమైన నురుగు వైనుతో ఈ మావిడి పానీయాన్ని చేస్తున్నారు. తప్పేం లేదు, చేతులు అవే. డబ్బా గుజ్జులో పంచదార కలిపి ఉంటుంది కాబట్టి తీపి లేని వైను తీసుకోవాలి, గుజ్జు తగ్గించాలి, నిమ్మ పెంచాలి. వైను తాగని ఇళ్లలో సోడాతో చేస్తే అది తక్కువరకం అనుకోవద్దు. సోడాకి సొంత రుచి లేదు, పండు పూర్తిగా పండులా తెలుస్తుంది.

నా బాధల్లా సీసా గురించే. బాపట్లలో దిగి సూర్యలంక బీచికి పోయే ఆదివారం జనాన్ని చూడండి. చేతుల్లో ప్లాస్టిక్ సీసాలు. గాజులోంచి గ్యాసు పోదు, ప్లాస్టిక్ గోడలోంచి నెమ్మదిగా పోతూనే ఉంటుంది. పైగా గోలీ సీసా కడిగి మళ్లీ నింపేది, ఊరు దాటి పోనిది. ఒక చక్రం, ఒక సిలిండరు, పక్కవీధిలో నీళ్లు, ఒక కుటుంబం కష్టం. నీళ్లు శుభ్రంగా ఉండాలి, రబ్బరు రింగులు ఎప్పటికప్పుడు మార్చాలి. ఈ రెండూ చూసుకునే చోటే తాగాలని నేను పిల్లలకి చెబుతాను. 2025లో కేంద్ర వాణిజ్య శాఖ గోలీ సోడా కొత్త పేరుతో విదేశాలకు వెళుతోందని ప్రకటించినప్పుడు సంతోషించాను. అయితే ఓడెక్కే సీసాకి ఉన్న గౌరవం సైకిలెక్కే సీసాకీ దక్కాలి. 1945 నుంచి వ్యవసాయ కళాశాల, ఆ తర్వాత ఆహార శాస్త్ర కళాశాల ఉన్న బాపట్ల, బండివాళ్లకి నీళ్ల పరీక్ష ఎలా చేసుకోవాలో, పిండిన రసం ఎన్ని గంటలు నిలుస్తుందో ఒక పూట కూర్చోబెట్టి చెబితే ఎంత బావుంటుంది.

మా మావయ్య తెనాలిలో పని చూసుకుని రేపల్లె బండిలో ఇంటికొచ్చేవాడు. ఆ బండి ఒక్కోరోజు ఆలస్యం. మేం పిల్లలం రసం గిన్నె చుట్టూ తిరుగుతూ "పొయ్యి అత్తయ్యా, పొయ్యి" అని గొడవ చేసేవాళ్లం. ఆవిడ గ్లాసులు వరసగా పెట్టి, రసం అడుగున పోసి, సోడా సీసాల మీద చెయ్యి వేసేది కాదు. గేటు గొళ్లెం చప్పుడయ్యేది. మావయ్య చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వసారాలో కుర్చీ లాక్కునేవాడు. కుర్చీ కోళ్లు గచ్చుమీద గీసుకున్న చప్పుడు విన్నాకే, లోపల మొదటి గోలీ దిగేది.