ఆటలో ప్రకృతి: వర్ణన, నియమం

ఒక రచనలో ప్రకృతి స్థానమేమిటో తెలియాలంటే వర్ణనలు చూస్తే చాలదు, కథ నడక చూడాలని తరగతిలో చెబుతూంటాను. నా పాత విద్యార్థి ఒకడు తెచ్చిన పాత్రధారణ ఆటల పుస్తకాలు చదివాక ఆ అభిప్రాయం మరింత బలపడింది. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథాలోకాన్ని వివరిస్తూంటే తక్కినవారు పాత్రలై మాట్లాడతారు. సందేహం వచ్చినచోట పాచికలు తీర్పు చెబుతాయి. ఇక్కడ కథను నడిపేది నియమం.

1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ప్రక్రియకు దారితీసింది. అందులో అడవి అంటే దాటవలసిన దూరం, పాచిక పడితే ఎదురయ్యే మృగాల పట్టిక. అడవిని నమ్ముకుని బతికేవారి శ్రమకు లెక్క లేదు. శ్రమ కనబడనిచోట ప్రకృతి శత్రువుగానో నిధిగానో మిగులుతుంది.

అదే ఆటకు అనుబంధంగా 1991లో వచ్చిన ‘డార్క్ సన్’ ఒక అడుగు ముందుకు వేసింది. ఎడారిగా మారిన ఆ లోకంలో మంత్రశక్తి మొక్కల ప్రాణం నుంచి వస్తుంది. దాన్ని పొదుపుగా తీసుకునే మాంత్రికులున్నారు, నేలను బూడిద చేసేవారూ ఉన్నారు. నేలను బూడిద చేసేవాడే త్వరగా పైమెట్టు ఎక్కుతాడని నియమం! దీన్ని వ్యక్తిగత నీతిపరీక్షగా చదివితే పొరపాటు. లాభం ఒకడికి, బూడిద అందరికీ అనే దోపిడీ సూత్రం ఉపన్యాసం లేకుండానే అందులో ఉంది. బానిసల మీద పెత్తనం చేసే మాంత్రిక రాజులూ ఉన్నారు. అయితే ఆట కొద్దిమంది సాహసికుల చుట్టూనే తిరుగుతుంది. నేల దున్నే సమూహం నేపథ్యంలోనే ఉండిపోయింది.

2013లో ఏవరీ ఆల్డర్ రూపొందించిన ‘ది క్వయెట్ ఇయర్’లో నాయకుడు లేడు, ఊరే పాత్ర. పేకలో ఒక్కో ముక్క ఒక్కో వారం. ఆటీనుతో వసంతం మొదలవుతుంది. ఇస్పేటు రాజు కనబడగానే ఆట ముగుస్తుంది. అందరూ కలిసి పటం గీస్తారు, ఏది సమృద్ధో ఏది కొరతో రాసుకుంటారు. చేపట్టిన పనికి ఎన్ని వారాలు మిగిలాయో పాచిక చూపుతుంది. శ్రమకు ఇక్కడ లెక్క ఉంది. కాని భూమి ఎవరిదన్న ప్రశ్నను నియమం అడగదు; ఆడేవారే లేవనెత్తాలి.

ఒకదానిలో దోపిడీ ఉంది, సమష్టి లేదు. మరొకదానిలో సమష్టి ఉంది, యాజమాన్యం ప్రశ్న లేదు. మన కథకులూ తమను తాము ఇలా తూచుకోవాలి. ఎండిన చెరువును రెండు పేరాలు వర్ణించి, కథను మాత్రం నాయకుడి ప్రేమవైఫల్యంతో నడిపితే ఆ చెరువు బొమ్మే. చెరువు ఎండినందువల్ల ఎవరు వలసపోయారో, ఎవరి బోరు లోతైందో కథ నడకలో తెలియాలి.