వరసకు పన్నెండు

2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో గోదావరి లంకల్లోని జనం గొడ్లను తోలుకుని ఏటిగట్టు ఎక్కేశారు. నీరు తీశాక అందరూ దిగిపోయినా ఓ గోధుమరంగు కుక్కపిల్ల మాత్రం గట్టు మీదే మిగిలిపోయింది. రాజోలు దగ్గర మా అరుగు దాకా నా వెనకే నడిచొచ్చింది. లంకలోంచి వచ్చాడు కనక పిల్లలు ‘లంకేశు’ అని పేరు పెట్టారు. పేరుకే రావణాసురుడు, బల్లి పడినా జడిసేవాడు.

మొన్న మాఘంలో, అంతర్వేది తీర్థం అయిన వారానికి పోయాడు. గోమార్ల నుంచి అంటిన జ్వరం. మేం పోల్చుకునేసరికే రక్తం బాగా పడిపోయింది. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన గొయ్యి తీసి, ఉప్పు వేసి పూడ్చాం. అక్కడితో సరి. మనిషి పోతే చెయ్యాల్సినవి బోలెడుంటాయి. రోజులు లెక్కపెట్టాలి, వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వాలి, పదో రోజు, పన్నెండో రోజు వంటలు చూడాలి. ఏడవడానికి తీరిక లేకుండా చెయ్యడంలో మన పెద్దలు ఆరితేరినవాళ్లు. కుక్కకు అవేవీ లేవు. “వీధికుక్కే కదండీ” అన్నవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే వాడికి అన్నం కలిపే వేళకు చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు.

పక్కింటి పిన్నిగారు ఓ సాయంత్రం వచ్చి సూది, దారం ఉండ నా ఒళ్లో పడేశారు. “ఊరికే కూచోకమ్మా, ఓ పువ్వు అల్లు” అన్నారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.

లేసు సూది అంటే పెన్సిల్ కన్నా సన్నటి ఉక్కుపుల్ల, కొసన చిన్న కొక్కెం. నూలు దారానికి నంబరు పెరిగేకొద్దీ సన్నం. మొదట ఓ ఉచ్చు. అందులోంచి దారం లాగితే గొలుసులో ఒక కన్ను. ఆరు కళ్లు వేసి చివరిదాన్ని మొదటిదానికి కలిపితే చిన్న వలయం. దాంట్లోకి పన్నెండు నిలువు కుట్లు పడాలి. సూది మీద దారం ఓ చుట్టు వేసి, వలయంలో దూర్చి, దారం అందుకుని బయటికి తెస్తే సూది మీద మూడు కళ్లుంటాయి. వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు దాటిస్తే ఒక కుట్టు. రెండో వరసకు ఇరవై నాలుగు, మూడో వరసకు ముప్పై ఆరు. ఇలా వరసకు పన్నెండు పెరిగితేనే పువ్వు చదునుగా కూర్చుంటుంది. తగ్గితే మూకుడులా ముడుచుకుంటుంది, ఎక్కువైతే వేయించిన అప్పడంలా అలలు తేలుతుంది. బిగువంతా ఎడమ చూపుడువేలిది.

మొదటి రోజు నావన్నీ మూకుళ్లే. పిన్నిగారు కొస పట్టి లాగితే గంట పని క్షణంలో దారమైపోయింది. ఈ అల్లికలో ఒక్కో కుట్టు ముగిశాక సూది మీద బతికున్న కన్ను ఒక్కటే. అందుకే విప్పడం అంత సులువు. ఎసరు పొంగితే పక్కన పెట్టి లేవచ్చు, వచ్చి మళ్లీ అందుకోవచ్చు. తెగి తెగి దొరికే ఆడవాళ్ల పొద్దుకు ఇంతకన్నా అమరే పని లేదు. ఆ అమరికే కూలి దగ్గర చిక్కు తెచ్చింది.

1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మక్రే దంపతులు నరసాపురం వైపు ఈ పని నేర్పారని చెబుతారు. అది వశిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లి, రాజోలు, మలికిపురం అరుగుల మీదికి వచ్చింది. పనిచేసేవాళ్లు దీన్ని చేతిపని అంటారు. పువ్వులు అల్లేవారొకరు, వాటిని కలిపే అతుకుపని చేసేవారింకొకరు. తర్వాత ఉతుకు, గంజి, ఇస్త్రీ. ఒక టేబుల్ గుడ్డ ఇన్ని చేతులు మారుతుంది. పువ్వు అల్లినామె ఆ గుడ్డను చివరికి చూడనే చూడదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికొచ్చి పరిశీలించి, 1982లో పుస్తకం వేశారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే మనిషిని ‘గృహిణి’ అనీ, ఆమె శ్రమను ‘తీరికవేళ పని’ అనీ రాసుకోవడం వల్లే కూలి అంత తక్కువైందని తేల్చారు. ఆ మాట నాకు ఇప్పటికీ పాతబడినట్టు అనిపించదు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఈ క్రోచెట్ కుట్టును చేతిలా వేసే యంత్రం ఇంకా వాడుకలోకి రాలేదు. చవగ్గా దొరికే యంత్రం లేసు మరో పద్ధతిలో పుట్టింది, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. ధర దెబ్బతినేది అక్కడే.

నా ఊరట సంగతి చెప్పాలంటే, అది కుట్ల లెక్కలోనే ఉంది. పదకొండో కుట్టు దగ్గర లంకేశు గుర్తొస్తే పన్నెండోది తప్పుతుంది, తప్పితే వరసంతా విప్పాలి. అందుకని వాడు వరస పూర్తయ్యే దాకా గుమ్మంలో ఆగాలి. ఆగేవాడు. ఇంతకుమించి ఏమీ జరగలేదు. పిన్నిగారితో ఇదే అంటే నవ్వారు. “నీకు మందైతే మంచిదేగా. నాకైతే కరెంటు బిల్లమ్మా” అన్నారు. సాయంత్రాలు మనసు తేలికపడటానికి అల్లే నేను, పువ్వులు పోగుచేసే ఏజెంటు వచ్చేలోగా లెక్క అప్పజెప్పాల్సిన ఆవిడా ఒకే అరుగు మీద కూర్చుంటాం. మా ఇద్దరిదీ ఒకే పని అనడానికి నాకు నోరు రాదు.

నేను చదునుగా అల్లిన మొదటి పువ్వులో ఓ గోధుమరంగు వెంట్రుక చిక్కింది. పిన్నిగారి దారం సంచి మీద పడుకోవడం లంకేశుకు అలవాటు. వెంట్రుక కనబడితే ఏజెంటు తిప్పి పంపేస్తాడు. పిన్నిగారు పువ్వును తిరగేసి చూసి, “ఇది లెక్కలో పెట్టను, నువ్వే ఉంచుకో” అన్నారు.

మీరు అంతర్వేది తీర్థానికి వచ్చినప్పుడో, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లినప్పుడో లేసు కొంటే, బేరమాడే ముందు ఒక్క పువ్వు చేతిలోకి తీసుకుని కుట్లు లెక్కపెట్టండి. పన్నెండు, ఇరవై నాలుగు, ముప్పై ఆరు. ఆ తర్వాత ధర మీరే చెప్పండి.