చెదిరిన అంచు

డేవిడ్ మార్ రాసిన ‘విజన్’ని ఇంజనీరింగ్ రోజుల్లో ఇరవై పేజీలు చదివి మూసేశాను. మొన్న సెలవుల్లో పోచంపల్లిలో, మా నాయిన మగ్గం చప్పుడు వింటూ పూర్తి చేశాను. 1982లో వచ్చిన పుస్తకం. అప్పటికి మార్ లేడు. 1980లోనే, 35 ఏళ్లకే లుకేమియాతో పోయాడు. (నా వయసూ దగ్గరదగ్గర అంతే. ఆ లెక్క ఎందుకో పక్కన పెట్టలేకపోయాను.)

మనిషి చూపూ కంప్యూటర్ చూపూ ఒకటే ప్రశ్న అంటాడు మార్. నరాల గురించి, ప్రోగ్రామ్ గురించి తర్వాత. ముందు ఈ చూపు దేనికోసం, ఏం లెక్క కడుతోంది అని అడగమంటాడు. ఆ మాట ఇప్పటికీ పాతబడలేదు.

నాకు పేచీ వచ్చింది అంచుల దగ్గర. చీర అంచు కాదు, ఒక రంగు ఆగి ఇంకోటి మొదలయ్యే చోటు. మార్, ఎలెన్ హిల్డ్రెత్ 1980లో చెప్పిన పద్ధతి ఇది: బొమ్మను కొంచెం మసక చేసి, వెలుతురు గబుక్కున మారే చోట్లు పట్టుకోవాలి. మా ఇంటి చీర ఫోటో మీద నడిపించి చూశాను. మసక తక్కువైతే పువ్వు చుట్టూ రంపం పళ్లలా గీతలు. మసక పెంచితే ఒకటే నున్నటి గీత. నాకు ఆ నున్నటి గీతే తప్పనిపించింది. మా దగ్గర నేయకముందే నూలును రబ్బరు పట్టీలతో కట్టి రంగులో ముంచుతారు. కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది, మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ చెదురే చిటికి పని ఆనవాలు.

అయితే మార్‌కి అది కనపడలేదనడం అన్యాయం. రకరకాల మసకల్లో చూసి సరిపోల్చమనే చెప్పాడు. చెదురు లోపమా, ఆనవాలా అన్నది ఆయన మొదటి ప్రశ్నతోనే తేలుతుంది. ఇప్పటివాళ్లు మరిచేదీ దాన్నే. 2018లో రాబర్ట్ గైర్‌హోస్ బృందం పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం తొడిగి చూపిస్తే, నెట్‌వర్క్ ఏనుగంది, మనుషులు పిల్లి అన్నారు. దాంతో మనిషిది ఆకారం చూసే చూపు అన్న మాట స్థిరపడింది. మా నాయిన కూడా పిల్లి అనే అంటాడు. కానీ చీర చేతికిస్తే దాని మీద ఏనుగుందా చిలకుందా అని చూడడు, పోగు చూస్తాడు.

చెదురును కూడా అచ్చు వేసేస్తున్నారిప్పుడు. అలాంటి నకిలీదీ, మాదీ రెండు ఫోటోలు ఫోన్లో చూపించి ఏది అసలుదో చెప్పమన్నాను.

“బట్టేది? తిప్పి చూడకుంట ఎట్ల జెప్తర్రా?”

పోగుకే రంగు పడితే వెనకా ముందూ ఒక్కలాగే ఉంటుంది, అచ్చు వెనక వెలవెలబోతుంది. కన్ను కదిలే మనిషిదని 1979లోనే జేమ్స్ గిబ్సన్ అన్నాడు. చూడటంలో ఉన్న కష్టాన్ని గిబ్సన్ తక్కువంచనా వేశాడని మార్ ఈ పుస్తకంలో విమర్శించాడు. ఆ విమర్శ న్యాయమే. కానీ అందులో పడి, తిప్పి చూసే చేయి పుస్తకంలోకి రాకుండా పోయింది.

మా చీరల బేరాలు ఇప్పుడు వాట్సాప్ ఫోటోల మీదే. నిన్న ఫోటో తీస్తుంటే నాయిన ఆపి, కొంగు మడిచి, వెనక వైపు కూడా పడేట్టు పెట్టాడు.